అర మీద పిన్ని

లోకంలో జనం ఫోను చేస్తారు, మాట్లాడతారు, పెట్టేస్తారు. పిన్ని మొదటి రెండూ చేస్తుంది. మూడోది ఆవిడకి పుట్టుకతోనే లేదు. పొద్దున్నే వీడియో కాల్ మొదలుపెట్టిందంటే దీపాలు పెట్టే వేళ దాకా అది నడుస్తూనే ఉంటుంది. మధ్యలో ఆవిడ బతుకుతెరువుకి ఊళ్ళోవాళ్ళ బట్టలు ఇస్త్రీ చేస్తుంది, అన్నం తింటుంది, వీధిలో వాళ్ళతో గొడవ పడుతుంది, కుర్చీలో కూర్చునే ఓ కునుకు తీస్తుంది. ఫోను మాత్రం పెట్టెయ్యదు. సముద్రానికి అవతల ఒక ఇరుకు గదిలో, పొయ్యి పైనున్న అర మీద, ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ మధ్య, ఆవిడ ముఖం పొద్దస్తమానం వెలుగుతూ ఉంటుంది. ఆ గదిలో ఉండే మగాళ్ళు ఆవిడకి అర మీద పిన్ని అని పేరు పెట్టుకున్నారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు.

పిన్ని అన్న వరస నిజానికి ఒక్కడికే చెల్లుతుంది. అతను ఆవిడ అక్క కొడుకు, టైల్స్ మేస్త్రీ. పరాయి దేశానికి పని కోసం వచ్చి ఒక పెయింటరుతో, ఒక క్రేన్ ఆపరేటరుతో, ఒక నైట్ వాచ్‌మన్‌తో కలిసి ఆ గదిలో ఉంటున్నాడు. అందరూ పనిమంతులే, బయట. గదిలోకి అడుగు పెట్టేసరికి చేతులు పడిపోతాయి. ఊరందరి మేడల్లో గచ్చు అద్దంలా పరిచే మేస్త్రీ, తన గది గచ్చు ఎప్పుడు తుడిచాడో అడిగితే తల గోక్కుంటాడు. పెయింటరు సంగతి సరేసరి, ఆ గోడలు చూసి అతని వృత్తి ఏమిటో ఎవరూ కనిపెట్టలేరు. క్రేన్ ఆపరేటరు టన్నుల బరువు ఆకాశానికి ఎత్తుతాడు కానీ తిన్న కంచం ఎత్తడు. వాచ్‌మన్ రాత్రంతా కాపలా కాసి పొద్దున వచ్చి పడుకుంటాడు కాబట్టి అతని మీద ఫిర్యాదు చెయ్యడానికి కూడా ఏమీ ఉండదు. మెత్తని మనిషి, ఎవరేమన్నా నవ్వేసి ఊరుకుంటాడు.

పిన్ని ఉండే వీధికి ఇంటర్నెట్టు రావడంతో ఈ కథంతా మొదలైంది. ఆ వీధిలో ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో పైదేశాల్లో ఉన్నవాళ్ళే. ఆ సంగతి పసిగట్టిన కంపెనీవాడు తీగల చుట్ట భుజాన వేసుకుని వచ్చాడు. ప్రపంచం మీ గుప్పిట్లో అని రాసిన కాగితం ఇంటింటికీ పంచాడు. ప్రపంచం గుప్పిట్లో పెట్టుకుంటే ఇస్త్రీ పెట్టె ఏ చేత్తో పట్టుకోవాలని పిన్ని అడిగింది. వాడు నవ్వి, ఎంత వాడినా నెలకి ఒకటే ధర అన్నాడు. ఎంతైనా అంటే రోజంతా వాడుకోవచ్చా అని ఆవిడ మళ్ళీ అడిగింది. రోజంతా వాడుకోండి అన్నాడు. ఎవరితో అంటున్నాడో ఆ అమాయకుడికి తెలియదు.

ఇంటర్నెట్టు వస్తే జనం బాగుపడతారని చెప్పిన పెద్దలు ఆ వీధికి వచ్చి చూడాల్సింది. ఎదురింటాయన దేశం బాగోగుల గురించి ముక్కూ మొహం తెలియని వాళ్ళతో ఫోనులో కొట్లాడటం మొదలుపెట్టాడు. గోడవతల ఉండే సొంత అన్నతో ఆయన మాట్లాడి ఏళ్ళయింది. మూలింటి కోడలు ఎవరెవరి పెళ్ళిళ్ళలోనో పెట్టిన విందులు చూస్తూ పొయ్యి మీద కూర మాడబెట్టింది. ఇస్త్రీకి వచ్చినవాళ్ళు ఒకప్పుడు నిలబడి కాసేపు కబుర్లాడేవాళ్ళు, ఇప్పుడు తలెత్తకుండా బట్టల మూట పడేసి పోతున్నారు. ఒకాయన పక్కింటి వాళ్ళ మూట పట్టుకుపోయి, వాళ్ళావిడ రవికలు చూశాక గానీ తెలుసుకోలేదు. వీళ్ళ చేతికి ప్రపంచాన్ని ఇస్తే దాన్ని కూడా ఎక్కడో మరిచిపోయి వస్తారని పిన్ని మూతి విరిచింది.

మొదటి రోజు జరిగిందైతే చిన్న పొరపాటే. మేస్త్రీ తెల్లవారుతూనే తన పాత ఫోనులో పిన్నికి వీడియో కాల్ కలిపి గది చూపిస్తున్నాడు. కింద కంపెనీ బస్సు హారన్ మోగింది. కంగారులో ఫోను అర మీద పెట్టి పరుగెత్తాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఫోను పొయ్యిలో పెట్టిన రాయిలా కాలిపోతోంది, తెరలో పిన్ని అలాగే ఉంది. ఆవిడ ముందు దుప్పట్ల గుట్ట, చేతిలో ఇస్త్రీ పెట్టె.

"ఎందుకు కట్ చెయ్యలేదు పిన్నీ?"

"చెయ్యడం రాలేదురా" అంది పిన్ని.

అతను ఓపికగా నేర్పాడు. కింద ఎర్రగా గుండ్రంగా ఉన్నదాని మీద వేలు పెట్టాలి, అంతే. ఆవిడ శ్రద్ధగా విని, ఒప్పజెప్పింది కూడా. మర్నాడు పొద్దున్నే ఆవిడే కాల్ చేసింది, ఫోను అర మీదే ఉంచమంది. సాయంత్రానికీ కట్ చెయ్యలేదు. అడిగితే, నొక్కబుద్ధి కాలేదని చెప్పింది. ఆపైన అది అలవాటైపోయింది. మేస్త్రీ కొత్త ఫోను కొనుక్కున్నాక పాతదాన్ని ఛార్జర్ తగిలించి అర మీదే ఉంచెయ్యాల్సి వచ్చింది.

ఊరికే చూస్తూ ఉంటే పోనీలే అనుకోవచ్చు. అర మీద కూర్చున్నది పిన్ని. ఒక మొగుణ్ణీ, ఇద్దరు ఆడపడుచుల్నీ, అద్దెకున్నవాళ్ళనీ దారిలో పెట్టిన మనిషి. ఎంగిలి కంచాలతో మొదలుపెట్టింది. ఆ కంచం ఎవడిదని అర మీంచి కేక వచ్చేది. ఎవడిదో తేలేదాకా ఆ కేక ఆగేది కాదు. క్రేన్ ఆపరేటరు తువ్వాలు తీసి ఫోను మీద కప్పితే, తువ్వాలు ఉతికి ఎన్నాళ్ళైందో లోపలి నుంచి చెప్పింది. వాసన రాదు కదా, ఎలా తెలిసిందని అతను వాదించబోయాడు. రంగు కనపడుతోంది కదా అంది.

కంచాలు శుభ్రపడ్డాక ఆవిడ కోరికలు మరీ విడ్డూరంగా తయారయ్యాయి. వాచ్‌మన్ పై మంచం మీద పడుకుంటాడు, అతని కాళ్ళు వేలాడుతుంటే తనకి కళ్ళు తిరుగుతున్నాయట, కింది మంచానికి మార్చాలట. కింద పడుకునే పెయింటరు గొణుక్కుంటూ పైకెక్కాడు. తర్వాత బల్ల మీద పడింది. దాని మూలలు చూస్తుంటే చిరాకుగా ఉందట, నాలుగు మూలలకీ పాత గుడ్డలు చుట్టాలట. చుట్టారు. కూరగాయలు కోసే కత్తి ఎత్తుగా అర మీద, తన పక్కనే పెట్టాలట. పెట్టారు. ఆఖరికి స్నానాల గది గడియ మీద పడింది. ఆ గడియ కిర్రుమంటే తన చెవులు పోతున్నాయట, ఊడదీసెయ్యాలట. నూనె వేస్తామన్నారు. ఒప్పుకోలేదు. ఊడదీశారు. అప్పట్నుంచి లోపలున్నవాడు పాట పాడుతూ ఉండాలి. పెయింటరుకి ఒకటే పాట వచ్చు, అదీ సగం.

వీటన్నిటికీ తలమానికం నాలుక. పొద్దున వాచ్‌మన్ పని నుంచి వచ్చే వేళకి మిగతావాళ్ళు బస్సుకి సిద్ధమవుతుంటారు. ఆ వేళకి అందరూ ఫోను ముందు వరసగా నిలబడి నాలుక బయటపెట్టాలి. నాలుక చూస్తే మనిషి ఒంట్లో ఏముందో తనకి తెలిసిపోతుందట. బలిష్ఠమైన మగాళ్ళు, మీసాలు ఉన్నవాళ్ళు, ఉప్పు డబ్బా ముందు నిలబడి ఆ అని నోరు తెరిచేవాళ్ళు. వాచ్‌మన్ దగ్గర మాత్రం ఆవిడ మరీ పట్టుబట్టేది. నాలుక ఎత్తు, కింద చూపించు, ఇంకాస్త, ఇప్పుడు నీళ్ళు తాగు అనేది. పాపం మెత్తగా ఉన్నాడని వాణ్ణి సతాయిస్తోందని మిగతావాళ్ళు జాలిపడేవాళ్ళు.

ఆ గది సంగతులు ఆవిడకి తెలిసినట్టే ఆవిడ వీధి సంగతులూ గదికి తెలిసిపోయేవి. కాలరు సరిగ్గా మడవలేదని ఎవరో వచ్చి అరిస్తే, మెడ మురికి ముందు వదిలించుకుని రమ్మని పిన్ని ఇచ్చే జవాబు ఇక్కడ సముద్రం దాటి వినపడేది. పిన్ని దగ్గర బట్టలు ఇస్త్రీకి ఇచ్చే ఆస్పత్రి నర్సమ్మ ఒకావిడ రోజూ వచ్చి కాసేపు గుసగుసగా మాట్లాడి వెళ్ళేది. ఆ గుసగుసలు మాత్రమే వినపడేవి కావు.

కింద కూరగాయల కొట్టు నడిపే తెలుగాయనకీ ఆవిడ బాధ తప్పలేదు. మేస్త్రీ తెచ్చిన టమాటాలు కుళ్ళినవని చూసి, ఫోను పట్టుకుని కిందికి పొమ్మంది. కొట్టు ముందు నిలబెట్టించి ఒక్కొక్క టమాటా తిప్పించి చూసింది. ఆయన విసిగిపోయి, ఈ అబ్బాయిని మధ్యలో నలపడం ఎందుకమ్మా, ఏదన్నా ఉంటే నాకే ఫోన్ చెయ్యండని తన నంబరు ఇచ్చాడు. మాటవరసకి అన్నాడు. పిన్ని దగ్గర మాటవరసలు చెల్లవు. రోజూ మధ్యాహ్నం ఆయన బుట్టల్లో ఏమున్నాయో చూసి, తన వాళ్ళకి ఏది అమ్మకూడదో చెప్పడం మొదలుపెట్టింది.

ఇదంతా ఎలాగోలా సాగిపోయేదేమో. పెయింటరుకి సంబంధం వచ్చింది. ఆడపిల్ల తరఫు వాళ్ళు వీడియోలో చూస్తామన్నారు. పెయింటరు క్రేన్ ఆపరేటరు చొక్కా వేసుకుని, గోడకి మరకలు కాస్త తక్కువగా ఉన్న చోట కూర్చున్నాడు. ముందు జాగ్రత్తగా అర మీద ఫోనుని గోడకి తిప్పి, దాని మీద దిండు పెట్టాడు. కాబోయే మామగారు మంచి మాటకారి, అదీ ఇదీ అడిగాడు. పెయింటరుకి హుషారొచ్చింది. వంట తనే చేసుకుంటాననీ, గదంతా శుభ్రంగా ఉంచేది తనేననీ, మిగతావాళ్ళకి పాపం ఏదీ చేతకాదనీ చెప్పాడు.

దిండు కింది నుంచి మాట వచ్చింది.

"మొన్నటి నుంచి నానుతున్న ఆ మూకుడు ఎవరిదో కూడా చెప్పు నాయనా."

అవతల పెద్దాయన ఉలిక్కిపడి, ఎవరు బాబూ అది అని అడిగాడు. ఎవరూ లేరండీ అన్నాడు పెయింటరు. ఎవరూ లేకపోవడమేమిటని పిన్నికి కోపం వచ్చింది. తానెవరో చెప్పుకుంది. అబ్బాయి బుద్ధిమంతుడేననీ, బద్ధకం ఒక్కటే ఉందనీ, వేసుకున్న చొక్కా మటుకు అతనిది కాదనీ, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటే సంబంధాలు నిలుస్తాయనీ చెప్పింది. మంచి చేస్తున్నాననే అనుకుంది. అవతల ఎవరో ఆడపిల్ల కిసుక్కుమని నవ్వింది, ఫోను ఆగిపోయింది.

పెయింటరు చొక్కా విప్పి క్రేన్ ఆపరేటరు చేతిలో పెట్టి, మేస్త్రీ ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మీ పిన్నన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి. నువ్వే చెప్పు."

క్రేన్ ఆపరేటరు కూడా అదే మాటన్నాడు. మేస్త్రీ ఎటూ తేల్చుకోలేకపోయాడు. పనికి దగ్గర్లో గది దొరకడం ఎంత కష్టమో అతనికి తెలుసు, వీళ్ళు పొమ్మంటే వీధిన పడాలి. నిజం చెప్పాలంటే అతనికీ విసుగు పుట్టింది. పొద్దున లేస్తే నాలుక, రాత్రి పడుకుంటే ఇస్త్రీ పెట్టె చప్పుడు కలలో. ఇంట్లో ఎవరి మాటా పడనక్కర్లేదనే కదా మగాళ్ళు సగం మంది దేశాలు దాటేది.

"ఉండనివ్వండి, నాకేం అడ్డం లేదు" అన్నాడు వాచ్‌మన్. పగలంతా ఆ గోల మధ్య నిద్రపోవాల్సినవాడు అతనే. మొహమాటానికి అంటున్నాడని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ సాయంత్రమే మేస్త్రీ పిన్నికి చెప్పేశాడు. ఆవిడ తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, పగలు గదిలో ఎవరుంటారని అడిగింది.

"వాచ్‌మన్ ఉంటాడు. పడుకుంటాడు. వాణ్ణన్నా హాయిగా పడుకోనీ పిన్నీ."

"నోరు మూసుకుని ఉంటాన్రా, మాట్లాడను. అతని మంచం వైపు ఉంచితే చాలు."

పిన్ని మాట్లాడకుండా ఉండటమనేది ఎండాకాలంలో మంచు పడటం లాంటిది. మేస్త్రీ నమ్మలేదు. ఆవిడ ఎన్నడూ నొక్కని ఎర్ర గుర్తు మీద తనే వేలు పెట్టాడు. పాత ఫోను ఆపేసి పెట్టెలో బట్టల అడుగున పడేశాడు.

స్వాతంత్ర్యం వచ్చినట్టయింది. పెయింటరు తన కింది మంచం తను తీసుకున్నాడు. బల్ల మూలల గుడ్డలు ఊడపీకి చెత్తబుట్టలో వేశారు. క్రేన్ ఆపరేటరు కొత్త గడియ కొనుక్కొచ్చి స్నానాల గదికి స్వయంగా బిగించాడు. కిర్రుమనేదే కావాలని కొట్టులో అడిగి మరీ తెచ్చానని గొప్పలు చెప్పుకున్నాడు. కంచాలు మళ్ళీ పేరుకున్నాయి. పొద్దున ఎవరి నాలుక వాళ్ళ నోట్లోనే ఉంది.

పిన్ని రోజూ సాయంత్రం మేస్త్రీ కొత్త ఫోనుకి చేసేది. మొదటి ప్రశ్న ఒకటే. వాచ్‌మన్ ఎలా ఉన్నాడు? తను ఎలా ఉన్నాడో అడక్కుండా పరాయివాడి గురించి అడగడం మేస్త్రీకి లోపల గుచ్చుకునేది. కన్నతల్లి పోయాక తనని పెంచిన పిన్ని. నేనూ బాగానే ఉన్నాను, అడిగినందుకు సంతోషం అని ఒకరోజు ఎత్తిపొడిచాడు. నీకేం రాయిలా ఉన్నావు అని ఆవిడ కొట్టిపారేసింది.

తర్వాత కొన్నాళ్ళకి ఒక సాయంత్రం కంపెనీ బస్సు దిగేసరికి కూరగాయల కొట్టాయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. బేరం వదిలి ఆయన బయట నిలబడటం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"మీ పిన్నికి ముక్కుందా, ఇంకేమన్నా ఉందా?" అన్నాడు.

ఆయన చెప్పింది ఇదీ. మధ్యాహ్నం కొట్టులో బేరం మీద ఉండగా పిన్ని ఫోన్ చేసింది. గదిలో గ్యాస్ వాసన వస్తోంది, తక్షణం పైకి వెళ్ళి చూడమంది. గదిలో వాసన మీకెలా వస్తుందమ్మా అని ఆయన నవ్వాడు. నా ముక్కు సంగతి నీకు తెలియదంది. ఇంటర్నెట్టులో వాసన రాదమ్మా అని ఆయన నచ్చజెప్పబోయాడు. నెలనెలా కట్టేది నేను, వస్తుందో రాదో నాకు తెలుసు, నువ్వు వెళ్తావా, నీ టమాటాల సంగతి వీధి వీధంతా వినేలా చెప్పనా అంది. ఆయన గ్యాసుకి భయపడి వెళ్ళాడా, పిన్నికి భయపడి వెళ్ళాడా అన్నది ఆయనకే తెలియాలి. వెళ్ళాడు. గది తలుపు చేరవేసి ఉంది. మంచాల మీద ఎవరూ లేరు. స్నానాల గది లోపల గడియ పెట్టి ఉంది, పిలిస్తే పలుకు లేదు, లోపల తలుపుకి ఏదో తగులుతున్న చప్పుడు మాత్రం వస్తోంది. ఆయన కొత్త గడియని నాలుగు తన్నులు తన్నాడు. వాచ్‌మన్ నేల మీద పడి ఉన్నాడు, కనుబొమ్మ చిట్లి రక్తం కారుతోంది, ఒళ్ళంతా కొట్టుకుంటోంది.

"మూర్ఛలో ఉన్నాడని చేతిలో తాళాలు పెట్టబోయాను. జేబులో ఉన్న ఫోనులోంచి మీ పిన్ని, ఆ తాళాలతో నీ కొట్టు తెరుచుకో, మనిషిని ముందు పక్కకి తిప్పు అని కసిరింది. తల కింద తువ్వాలు పెట్టించింది. నోట్లో ఏదీ పెట్టనివ్వలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళి కుట్లు వేయించి తెచ్చేదాకా కట్ చెయ్యలేదు."

ముగ్గురూ రెండేసి మెట్లు ఒక్కసారే ఎక్కుతూ పైకి పరుగెత్తారు. వాచ్‌మన్ కింది మంచం మీద, కనుబొమ్మకి కట్టుతో పడుకుని ఉన్నాడు. వీళ్ళని చూసి అలవాటుగా నవ్వబోయాడు, కుట్లు లాగాయి.

అతనే చెప్పుకొచ్చాడు. చిన్నప్పటి నుంచీ అప్పుడప్పుడు ఫిట్స్ వస్తాయి. కంపెనీకి తెలిస్తే ఇంటికి పంపేస్తారని దాచాడు. మేస్త్రీ ఫోను అర మీద మరిచిపోయిన మొదటి రోజే వచ్చింది. తెలివి వచ్చేసరికి ఎక్కడి నుంచో ఒక ఆడమనిషి గొంతు, లేవకు, పక్కకి తిరిగి పడుకో అంటోంది. కళ్ళెత్తి చూస్తే ఒకావిడ చేతిలో ఇస్త్రీ పెట్టె పట్టుకుని ఉంది.

"చచ్చిపోయాననుకున్నాను. యమలోకంలో కూడా ఇస్త్రీ చేస్తారా అనుకున్నాను."

ఎవరికీ చెప్పొద్దని ఆవిడకి చేతులెత్తి దండం పెట్టాడు. ఆవిడ చెప్పనంది. బదులుగా మాత్రలు ఎగ్గొట్టనని మాట తీసుకుంది. అతను మందు ఆదా చెయ్యడానికి మాత్రని సగం చేసి మింగేవాడు, ఒక్కోసారి మింగినట్టు ఆవిడకి చూపించి, నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేసేవాడు. ఆ సంగతి పిన్ని నర్సమ్మకి చెప్పి ఏం చెయ్యాలో కనుక్కుంది. వాడొక్కడి నాలుకే చూస్తే అనుమానం వస్తుందని అందరి నాలుకలూ చూసింది. ఇప్పుడు ఫోను లేకపోయాక వాచ్‌మన్ తన బొత్తాల ఫోను నుంచి నిద్ర లేవగానే ఆవిడకి ఒక మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. ఈ రోజు అది రాలేదు.

క్రేన్ ఆపరేటరు నేల మీద పడి ఉన్న గడియని చూశాడు. పెయింటరు తన పరుపు వైపు చూసి, పై మంచం ఎంత ఎత్తుందో అప్పుడే కొత్తగా చూసినట్టు చూశాడు. బల్ల మూలలు, పొయ్యి పక్కకి వచ్చి చేరిన కత్తి, ఒక్కొక్కటీ తమవైపే చూస్తున్నట్టనిపించింది. మేస్త్రీకి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. రోజూ ఆవిడ అడిగిన మొదటి ప్రశ్నకి తను ఎంత ఎకసెక్కంగా జవాబు చెప్పాడో గుర్తొచ్చింది. పెట్టె తెరిచి బట్టల అడుగు నుంచి పాత ఫోను తీశాడు. అర మీద పెట్టి కాల్ చేశాడు.

పిన్ని ముఖం వచ్చింది. వెనక బట్టల గుట్ట ఆ రోజు తాకినట్టు లేదు.

"గుర్తొచ్చానా? ఇంకా కొన్నాళ్ళు పెట్టెలోనే ఉంచకపోయావా, నీ బట్టలకి చిమ్మెటలు పట్టకుండా కాపలా ఉండేదాన్ని."

"నాకన్నా చెప్పొచ్చు కదా పిన్నీ."

"చెప్పనని మాటిచ్చాను. మీరు ముగ్గురూ కలిస్తే మూకుడు తోమలేరు, రహస్యం దాస్తారా?"

"రోజంతా ఎలా కూర్చున్నావు?"

"కూర్చోవడమేంట్రా, నా పని నేను చేసుకున్నాను. కళ్ళు అటు పెట్టానంతే." ఆపైన విసుగ్గా అంది. "మొదటి రోజు చూశాను కదా. చూశాక ఎలా కట్ చేస్తాను?"

ఎప్పుడూ ఏదో ఒకటి అనే పెయింటరే ముందు తేరుకున్నాడు. తమ కంపెనీకి దుకాణాల లోపల రంగులు వేసే పని వచ్చిందనీ, దుకాణం మూశాక సాయంత్రాల్లో చెయ్యాలనీ, అందరూ వద్దంటున్నారనీ, తను దానికి పేరిచ్చేస్తాననీ చెప్పాడు. పగలు గదిలో ఉండొచ్చు. ఎండ దెబ్బ తప్పుతుంది కదా అని, తన సుఖం కోసమే అన్నట్టు ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

పిన్ని వెంటనే నమ్మలేదు. ఆ మర్నాటి నుంచి పెయింటరుకి పరీక్షలు పెట్టింది. మనిషి పడితే ముందు ఏం చెయ్యాలి, ఏ పక్కకి తిప్పాలి, నోట్లో ఏం పెట్టాలి, ఏమీ పెట్టకూడదని ఎన్నిసార్లు చెప్పాలి. క్రేన్ ఆపరేటరుని నేల మీద పడుకోబెట్టి చేయించింది. అంత బరువు ఎత్తే మనిషికి తన ఒళ్ళు తను తిప్పుకోవడం రాదని దెప్పింది. పెయింటరు పరుపు మళ్ళీ పైకి పోయింది. బల్ల మూలలకి ఈసారి పాత గుడ్డలు కాదు, క్రేన్ ఆపరేటరు కొత్త తువ్వాలు చించి చుట్టారు. ఊడిపడ్డ గడియని మళ్ళీ బిగించకుండా కూరగాయల కొట్టాయనకి ఇచ్చేస్తే, తన్నింది తనే కాబట్టి గుర్తుగా ఉంచుకుంటానన్నాడు. డాక్టరు దగ్గరికి మేస్త్రీ తోడు వెళ్ళాడు. మాత్రలు సగం చెయ్యకుండా మింగినన్నాళ్ళూ నిక్షేపంగా పని చేసుకోవచ్చని ఆయన వాచ్‌మన్‌కి గట్టిగా చెప్పి పంపాడు.

ఈ లోపల పెయింటరుకి ఆడపిల్ల వాళ్ళ దగ్గర్నుంచి మళ్ళీ ఫోన్ వచ్చింది. ఆ రోజు నవ్వింది ఆ అమ్మాయేనట. దిండు కింద నుంచి మాట్లాడినావిడ ఇంకా ఆ గదిలోనే ఉంటే తనకి అభ్యంతరం లేదందట. పెయింటరు ఈ కబురు పిన్నికి చెప్పకుండా రెండు పూటలు బిగబట్టాడు కానీ, అతని నాలుక చూసే ఆవిడ ఏదో ఉందని పట్టేసింది.

పెయింటరు కొత్త పనిలో చేరాక ఒక పొద్దున, వాచ్‌మన్ నాలుక చూపించి పడుకున్నాడు. మేస్త్రీ, క్రేన్ ఆపరేటరు బస్సుకి బయల్దేరుతున్నారు. పెయింటరు కుర్చీ లాక్కుని మంచం పక్కనే కూర్చున్నాడు. పిన్ని తెరలోంచి అతన్నీ, కుర్చీనీ, మంచాన్నీ ఎగాదిగా చూసింది.

"సరే అయితే" అంది. "నువ్వున్నావుగా."

ఎర్ర గుర్తు మీద వేలు పెట్టింది. తెర నల్లబడింది.

మేస్త్రీ చెప్పు ఒకటి తొడుక్కుని, ఒకటి చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఉప్పు డబ్బాకీ పంచదార డబ్బాకీ మధ్య అంత ఖాళీ ఉంటుందని అతనికి తెలియదు. ఆవిడకి కట్ చెయ్యడం వచ్చు, ఎప్పుడూ వచ్చు. కట్ చేసింది అన్నాడు పెయింటరు, నమ్మలేనట్టు. కింద బస్సు హారన్ మోగుతోంది, ఎవరూ కదల్లేదు. కోరి తెచ్చుకున్నప్పుడు హాయిగా ఉన్న నిశ్శబ్దం, ఇప్పుడు ఇంట్లో మనిషి అలిగి వెళ్ళిపోయినట్టుంది.

ఇంతలో ఫోను మోగింది. ముగ్గురూ ఒకేసారి చెయ్యి చాపారు, పెయింటరుకి అందింది.

"మరిచిపోయాను" అంది పిన్ని. "ఆ మూకుడు ఇంకా నానుతూనే ఉంది. ఎవడు తోముతాడు?"

ఆ రోజు కంపెనీ బస్సు వీళ్ళ కోసం చాలాసేపు ఆగింది. మూకుడు ఒకటే, తోముతామన్నవాళ్ళు ముగ్గురు.